రెండు వేళ్ల జిప్పు

మా పిన్ని ఒక్క వస్తువు కూడా ముట్టుకోలేదు. ఖాళీ బ్యాగును తెరిచి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇల్లు దాటిన దగ్గర్నుంచీ ఏమేం చేస్తావో వరసగా చెప్పమ్మలూ" అంది.

అమ్మాయి ఎమ్మెస్ చదవడానికి డాలస్ వెళ్తోంది. శంషాబాద్‌లో ఎక్కి, దోహాలో దిగి, అక్కడ ఇంకో విమానం ఎక్కాలి. దోహాకి నాలుగున్నర గంటలు, అక్కడి నుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు. 23 కిలోల పెద్ద సూట్‌కేసులు రెండూ వాళ్లమ్మ, అంటే మా చెల్లెలు, వారం ముందే సర్దేసింది. పచ్చళ్లు, పొడులు, ప్రెషర్ కుక్కరు, దుప్పటి అన్నీ వాటిలోకి వెళ్లిపోయాయి. అమ్మాయి వెంట విమానంలోకి వెళ్లే 7 కిలోల క్యాబిన్ బ్యాగు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది అమ్మమ్మ సర్దాలి. మా ఇంట్లో ఎవరు విమానం ఎక్కినా అంతే. ఈసారి ఆవిడ అందుకోసమే తెనాలి నుంచి కూకట్‌పల్లికి వచ్చింది.

"ముందు చెకిన్. పాస్‌పోర్టు, టికెట్టు, వీసా చూస్తారు. తర్వాత ఇమిగ్రేషన్. తర్వాత సెక్యూరిటీ..." అమ్మాయి చెప్పుకుంటూ పోతోంది. పిన్ని ఒక్కో మాటకీ ఒక్కో వస్తువు తీసి మంచం మీద పెడుతోంది. పాస్‌పోర్టూ అమెరికా చదువు తాలూకు ఐ-20 కాగితమూ తలగడ దగ్గర. సెక్యూరిటీ అనగానే ల్యాప్‌టాపు, సీసాల కవరు. విమానంలో చలి అనగానే స్వెట్టరు, మేజోళ్లు. "దోహాలో ఎంతసేపు?" "మూడు గంటలమ్మమ్మా." అక్కడ పళ్లు తోముకునే బ్రష్షు, ముఖం తుడుచుకునే చిన్న తువాలు. "దిగాక?" "మళ్లీ ఇమిగ్రేషన్. తర్వాత లగేజీ. తర్వాత సీనియర్లు వచ్చి తీసుకెళ్తారు." "ఆ రాత్రి?" అమ్మాయి ఒక క్షణం ఆగింది. ఆ రాత్రి సంగతి ఎవరూ ఆలోచించలేదు. పిన్ని ఒక జత బట్టలు, రాత్రి వేసుకునే నైటీ మంచం కాళ్ల వైపు పెట్టింది.

పావుగంటలో మంచం మీద ప్రయాణం మొత్తం పరుచుకుంది. తలగడ దగ్గర శంషాబాద్, నడుమ దోహా, కాళ్ల దగ్గర డాలస్. ఇక సర్దడం అంటే కాళ్ల వైపు నుంచి మొదలుపెట్టడమే. ఆఖరున కావలసింది అడుక్కి, ముందు కావలసింది పైకి. మనలో చాలామంది బట్టలన్నీ ఒకచోట, వైర్లన్నీ ఒకచోట, తినేవన్నీ ఒకచోట అని రకాన్ని బట్టి సర్దుతాం. పిన్ని గంటను బట్టి సర్దుతుంది. ఆవిడ పనితనానికి మూలం ఇదే అనుకుంటాను. ప్రయాణం చేయబోయే మనిషి కంటే ముందు తను ఆ ప్రయాణం ఒకసారి చేసి వస్తుంది.

ఆవిడ విమానం ఎక్కింది జీవితంలో రెండే రెండుసార్లు. కానీ పోస్టాఫీసు పార్సిల్ కౌంటర్లో 31 ఏళ్లు పనిచేసింది. గుడ్డలో చుట్టి, చుట్టూ కుట్టి, కుట్టు మీద లక్క సీలు వేసి తెచ్చిన పార్సిళ్లు ఎన్ని వేల మందివి అందుకుందో. సరిగా కట్టని పార్సిలు కౌంటరు మీద పెట్టగానే చప్పుడు చేస్తుందంటుంది. లోపల ఏదో కదులుతుంది. కదిలేది ఏదైనా ఊరు చేరేలోపు విరుగుతుంది, లేదా పక్కదాన్ని విరుస్తుంది. ఆ చెవి, ఆ చెయ్యి రిటైరయ్యాక కూడా పోలేదు. ల్యాప్‌టాపు అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకీ కిందికీ ఆడించి "కిలోన్నర" అంది. నేను వేలాడే కాటా తెచ్చి తూచాను. 1.48 చూపించింది. ఆ ఇరవై గ్రాముల గురించి ఆవిడేం మాట్లాడలేదు. కాటా తన దగ్గర పెట్టుకుంది.

7 కిలోలనేవి చాలా చిన్న సంఖ్య. మన దేశపు విమానాల్లోనూ, గల్ఫ్ మీదుగా వెళ్లే చాలా విమానాల్లోనూ ఎకానమీ తరగతిలో చేతి సామానుకి అదే హద్దు. అందులో బ్యాగు తన బరువు తాను ముందే తినేస్తుంది. మెరిసే గట్టి పెంకు, నాలుగు చక్రాలు ఉన్న బ్యాగు చాలాసార్లు రెండున్నర నుంచి మూడు కిలోలు తూగుతుంది. అంటే ఏమీ పెట్టకముందే మూడో వంతుకు పైగా పోయినట్టు. మా చెల్లెలు కొన్న గులాబీ రంగు పెంకు బ్యాగును పిన్ని ఒక చేత్తో ఎత్తి, మళ్లీ నేల మీద పెట్టి, "ఇది ఇంట్లో ఉంచమ్మా, పండక్కి ఊరొచ్చేటప్పుడు పనికొస్తుంది" అని మాత్రం అంది. ఎంచుకున్నది 2.1 కిలోల గుడ్డ బ్యాగు, రెండు చక్రాలది. నాలుగు చక్రాలవి పక్కకి నెట్టుకుపోవడానికి హాయిగా ఉంటాయి, నిజమే. కానీ ఆ చక్రాలు బ్యాగు కిందికి పొడుచుకొస్తాయి, కొలత తీసేటప్పుడు వాటినీ కలిపి కొలుస్తారు. చాలా సంస్థలు 55 సెంటీమీటర్ల ఎత్తుకు ఒప్పుకుంటాయి, కొన్ని 50 దగ్గరే ఆపేస్తాయి. రెండు చక్రాల బ్యాగులో చక్రాలు సగం లోపలికే దిగి ఉంటాయి. నాలుగు చక్రాల కింద పోయే నాలుగైదు సెంటీమీటర్లు ఇందులో లోపల చోటుగా దక్కుతాయి.

ఈ రెండు చక్రాల బ్యాగు ఎక్కడిదో కూడా చెప్పాలి. సూట్‌కేసుకి చక్రాలు పెట్టాలన్న ఆలోచన అమెరికాలో బెర్నార్డ్ శాడో అనే సామాను కంపెనీ అధికారికి 1970లో వచ్చింది. కుటుంబంతో అరూబా వెళ్లి తిరిగొస్తూ, రెండు బరువైన పెట్టెలు మోసుకుంటూ కస్టమ్స్ దగ్గర నిలబడ్డప్పుడు, ఒక పనివాడు పెద్ద యంత్రాన్ని చక్రాల పలక మీద సునాయాసంగా తోసుకుపోవడం చూశాడు. 1972లో ఆయనకు పేటెంటు వచ్చింది. కాని ఆ పెట్టె నాలుగు చిన్న చక్రాల మీద అడ్డంగా ఉండేది, పట్టీ కట్టి లాగాలి. ఇవాళ మనం చూసే రూపం 1987 నాటిది. రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ పెట్టెను నిలువుగా నిలబెట్టి, రెండే చక్రాలు పెట్టి, పొడుగ్గా బయటికొచ్చి మళ్లీ లోపలికి పోయే పిడి బిగించాడు. ముందు తోటి విమాన సిబ్బందికే అమ్మాడు. వాళ్లు విమానాశ్రయాల్లో అలా చులాగ్గా నడుస్తూ పోవడం చూసి ప్రయాణికులు అడగడం మొదలుపెట్టారు. పనిచేసే మనిషి తన పని కోసం చేసుకున్న వస్తువు కాబట్టే అందులో వృథా తక్కువ.

ఒక్క లోపం ఉంది. పిడి తాలూకు రెండు గొట్టాలు బ్యాగు వెనక పలక వెంబడి లోపలికి దిగుతాయి. బ్యాగు తెరిచి పడుకోబెడితే అడుగున రెండు గట్లు కనిపిస్తాయి, వాటి మధ్యా అటూ ఇటూ మూడు కాలవలు. చాలామంది ఈ గట్ల మీదే మడత బట్టలు పెట్టేస్తారు. బట్టలకు మడతలు పడతాయి, కాలవల్లో గాలి మిగులుతుంది. పిన్ని పని మొదలయ్యేది ఆ కాలవల్లోనే. మేజోళ్లు, లోదుస్తులు, బనీన్లు ఒక్కొక్కటిగా బిగించి చుట్టి, వేలి లావు కట్టల్లా చేసి, మూడు కాలవల్లో వరసగా పేర్చింది. తర్వాత అరచెయ్యి అడ్డంగా పెట్టి పైనుంచి కింది దాకా రాసింది. ఎక్కడో కుడివైపు చెయ్యి కొంచెం దిగింది. ఒక మేజోడు విప్పి మళ్లీ కాస్త వదులుగా చుట్టి అక్కడ పెట్టింది. మళ్లీ అరచెయ్యి. ఈసారి చెయ్యి ఎక్కడా ఆగకుండా జారింది. గట్లు కనిపించడం లేదు. బల్లలా చదునైన నేల తయారైంది. మిగతా ఇల్లంతా ఇక దాని మీదే కట్టాలి. నేను ఆవిడ చెయ్యినే చూస్తున్నాను. గోడకు సున్నం వేసే మేస్త్రి ఆఖరున చెక్క ఆడించినట్టు ఉంది.

ఆ నేల మీద మొదట ఆ రాత్రి బట్టలు. ఈ ఒక్క జత విషయంలో పిన్ని ఎవరి మాటా వినదు, దానికి కారణం నేనే. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లికని విమానంలో వెళ్లాను. నా సూట్‌కేసు మాత్రం రాలేదు. రెండు రోజుల తర్వాత వచ్చింది. నా చేతి సంచిలో ఒక పుస్తకం, ఫోను ఛార్జరు తప్ప ఏమీ లేవు. ఒంటి మీది చొక్కాతోనే పెళ్లిలో నిలబడ్డాను. వచ్చాక ఈ సంగతి చెబితే పిన్ని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నుంచి మా ఇంట్లో ఎవరి క్యాబిన్ బ్యాగు అడుగునైనా ఒక పూర్తి జత ఉంటుంది.

మడత పెట్టడంలోనూ ఆవిడకు ఒకే పద్ధతి లేదు, గుడ్డను బట్టి మారుతుంది. సాగే బట్టని, టీషర్టు లాంటిదాన్ని చుడుతుంది. చుడితే నలగదు, సందుల్లో ఇమిడిపోతుంది. నూలు కుర్తీని చుట్టదు. నూలుకు చుట్టినచోటల్లా గీతలు పడతాయి. దాన్ని పరిచి, చేతులు లోపలికి మడిచి, మడత పడే చోట నైటీని పెట్టి దాని చుట్టూ తిప్పుతుంది. మడత పదునుగా కాకుండా మెత్తని గుండ్రంగా వస్తుంది. పట్టుచీరల జరీ విరగకుండా మడత మధ్య మెత్తని గుడ్డ పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే. దాన్నే ఆవిడ ఇక్కడికి తెచ్చింది. జీన్స్ ప్యాంటు, బరువైన బూట్లు బ్యాగులోకి రానేలేదు. అవి అమ్మాయి ఒంటి మీద వెళ్తాయి. ఒంటి మీద ఉన్నదాన్ని కాటా మీద పెట్టమని ఎవరూ అడగరు.

మా చెల్లెలు ఇంతలో గాలి తీసేసి బట్టల్ని అప్పచ్చిలా నొక్కే ప్లాస్టిక్ కవర్లు తెచ్చింది. పిన్ని వాటిని పక్కన పెట్టి, "గాలికి తూకం లేదమ్మా" అంది. అవి చోటు మిగులుస్తాయి, బరువు తగ్గించవు. చోటు మిగిలేసరికి ఇంకో నాలుగు పెట్టాలనిపిస్తుంది, ఆ పెట్టిన నాలుగే కాటా దగ్గర పట్టిస్తాయి. క్యాబిన్ బ్యాగులో ముందు అయిపోయేది చోటు కాదు, బరువు.

సీసాల కవరు దగ్గర ఆవిడ ఎక్కువసేపు గడిపింది. ద్రవాలు ఒక్కోటి 100 మిల్లీలీటర్లకు మించని సీసాల్లో, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శకమైన, మూత పడే కవరులో ఉండాలన్న నిబంధన అంతర్జాతీయ ప్రయాణాల్లో అందరికీ తెలిసిందే. 2006 ఆగస్టులో లండన్ నుంచి బయల్దేరే విమానాలను పానీయం సీసాల్లో దాచిన ద్రవ పేలుడు పదార్థాలతో కూల్చాలన్న కుట్ర బయటపడింది, ఆ తర్వాత వచ్చిందీ నిబంధన. తెలియక దెబ్బతినేది ఎక్కడంటే, లెక్క సీసాది, లోపల ఉన్నదానిది కాదు. 200 మిల్లీలీటర్ల సీసాలో అడుగున కాస్త షాంపూ ఉన్నా తీసి పక్కన పడేస్తారు. ఇంకొకటి, ద్రవం అంటే కారేది ఒక్కటే కాదు. టూత్‌పేస్టు, క్రీము, జెల్లు, నెయ్యి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డ కడుతుంది. డిసెంబరులో తెల్లగా రాయిలా ఉన్నా సరే, తనిఖీ వాళ్లకు అది నూనే. నూనె తేలే ఆవకాయ కూడా అంతే. అందుకే జాడీ పెద్ద సూట్‌కేసులోకి వెళ్లింది.

చిన్న సీసాలు నాలుగు. పిన్ని ఒక్కోదాన్ని మూత తీసి, నిలువుగా పట్టుకుని, నడుమును రెండు వేళ్లతో మెల్లగా నొక్కింది. క్రీము సీసా మెడ దాకా లేచింది. అలా నొక్కి ఉంచే, మూతి మీద చిన్న పాలిథిన్ ముక్క కప్పి, దాని మీద మూత బిగించింది. వేళ్లు వదిలాక సీసా నడుము లోపలికి నొక్కుకుపోయి అలాగే ఉండిపోయింది. "ఎందుకమ్మమ్మా?" అంది అమ్మాయి. "పైకి పోయాక ఊపిరి పీల్చుకోవడానికి" అంది ఆవిడ.

దీని వెనక లెక్క ఉంది. విమానం పదకొండు పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పోతున్నా లోపల గాలి పీడనాన్ని దాదాపు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉండే మాదిరిగా నిలుపుతారు. ఇంచుమించు ఊటీలో ఉన్నట్టు. ఎనిమిది వేల అడుగుల దగ్గర పీడనం నేల మీదకంటే నాలుగో వంతు తక్కువ. నేల మీద బిగించిన సీసాలోని గాలి అక్కడ వ్యాకోచిస్తుంది. చిప్స్ ప్యాకెట్టు బంతిలా ఉబ్బడం చూసే ఉంటారు. సీసాలో గాలి ఉబ్బితే ముందు క్రీమునే బయటికి నెడుతుంది. గాలి ముందే తీసేసి, సీసాకి ఉబ్బడానికి చోటిస్తే నెట్టడానికి ఏమీ ఉండదు. పిన్నికి ఇది ఎవరూ చెప్పలేదు. మొదటిసారి విమానం ఎక్కినప్పుడు తన చేతి సంచిలో కారిన క్రీమును చూసి, తిరుగు ప్రయాణానికల్లా తనే కనిపెట్టింది.

ఇక ఆవిడ సొంత సృష్టి అనదగ్గది ఒకటుంది. ముతక ఖద్దరుతో కుట్టిన ఒక సంచి. కొలత సరిగ్గా ల్యాప్‌టాపుకి రెండు వేళ్లు ఎక్కువ. అందులో మూడు అరలు: ల్యాప్‌టాపుకి ఒకటి, ఒరిజినల్ సర్టిఫికెట్ల ఫైలుకి ఒకటి, మందులకి ఒకటి. సర్టిఫికెట్లు పెద్ద సూట్‌కేసులో పోకూడదు, పోతే మళ్లీ తెప్పించుకోవడం నెలల పని. మందులు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో సహా. ఈ సంచి బ్యాగులో అన్నిటికంటే పైన కూర్చుంటుంది. దాని పిడి మాత్రం జిప్పు మూలకి సరిగ్గా కింద ఉంటుంది.

తనిఖీ దగ్గర ల్యాప్‌టాపు తీసి ట్రేలో పెట్టమంటారు. బ్యాగు సగం తెరిచి పిడి పట్టి లాగితే సంచి మొత్తం వచ్చేస్తుంది. కిందివేవీ కదలవు. అది మొదటి ప్రయోజనం. రెండోది ఇంకా గొప్పది. విమానం నిండిపోయి పైన అరల్లో చోటు లేకపోతే, ఒక్కోసారి తలుపు దగ్గరే క్యాబిన్ బ్యాగులు తీసుకుని కిందికి పంపేస్తారు. వెనక వంద మంది నిలబడి ఉంటారు. అప్పుడు బ్యాగులో చేతులు పెట్టి మందులేవి, కాగితాలేవి అని వెతుక్కోవడం ఎంత కంగారో పడ్డవాళ్లకి తెలుసు. ఇక్కడ మళ్లీ అదే పిడి. ఒక్క లాగు. పోకూడనివన్నీ చేతికొచ్చేస్తాయి. మిగిలింది బట్టలే.

ఆ పిడిని దగ్గరగా పట్టుకుని చూశాను. మామూలు సంచులకు పిడిని పైఅంచున నాలుగు కుట్లు వేసి వదిలేస్తారు. బరువు పడితే ఆ నాలుగు కుట్లే తెగుతాయి. పిన్ని పట్టీ సంచి పైన మొదలై, పక్కగా దిగి, అడుగు కింద నుంచి చుట్టి, రెండోవైపు పైకొచ్చి మళ్లీ పిడిగా మారుతుంది. ఎక్కడా ముక్క లేదు, అతుకు అడుగున ఒక్కచోటే. బరువును మోసేది కుట్టు కాదు, పట్టీ. కుట్టు పట్టీని పక్కకి జరగకుండా ఆపుతుందంతే. పార్సిలుకు పురికొస అడుగు కింద నుంచి అడ్డంగా నిలువుగా తిప్పి కట్టేది ఇందుకే కదా అన్నాను. "మరి?" అంది, సూది గుచ్చిన బొటనవేలు చూపిస్తూ.

పవర్ బ్యాంకు ఈ సంచిలోకి రాలేదు. అది భుజాన వేసుకునే చిన్న బ్యాగులోకి, పాస్‌పోర్టు పక్కకి వెళ్లింది. లిథియం బ్యాటరీలు నిప్పంటుకుంటే ఆరకుండా రగులుతూనే ఉంటాయి. విమానం అడుగున సామాను గదిలో అంటుకుంటే చూసేవాడుండడు. అందుకే పవర్ బ్యాంకులు పెద్ద సూట్‌కేసులో పెట్టకూడదు, క్యాబిన్‌లోకే రావాలి. 100 వాట్ అవర్ల దాకా మామూలుగా అనుమతి ఉంది. డబ్బా మీద మిల్లీ యాంపియర్ అవర్లలో రాసి ఉన్నదాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే ఆ లెక్క వస్తుంది. అమ్మాయిది 20,000, అంటే 74. పర్వాలేదు. 2025 జనవరిలో దక్షిణ కొరియా బుసాన్ నగరపు విమానాశ్రయంలో నేల మీద నిలిచి ఉన్న విమానం తగలబడింది, తలపైన అరలో ఉన్న పవర్ బ్యాంకు మీదికే అనుమానం పోయింది. అప్పటి నుంచి చాలా సంస్థలు దాన్ని పై అరలో కాకుండా కంటికి ఎదురుగా ఉంచుకోమంటున్నాయి. పిన్ని ఆ వార్త కత్తిరించి దాచింది.

ఆవిడ పనిలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది బయటికి కనిపించదు. బ్యాగు ఎక్స్‌రే కింద నుంచి పోయేటప్పుడు తెర మీద రంగులుగా విడిపోతుంది. బట్ట, కాగితం, తిండి లాంటివి నారింజ రంగులో, లోహాలు నీలంలో, ఆ రెంటికీ మధ్యవి ఆకుపచ్చలో. ఒకదాని మీద ఒకటి పడితే చీకటి మచ్చ అవుతుంది. మచ్చ కనబడితే బ్యాగు పక్కకి పోతుంది, విప్పుతారు. తెర ముందు కూర్చున్న మనిషికి ఒక్కో బ్యాగుకి దొరికేది కొద్ది సెకన్లే. పిన్ని ఛార్జర్లనీ వైర్లనీ ఒక పల్చటి సంచిలో విడివిడిగా పరిచి, బ్యాగు ఎడమ అంచుకు నిలబెట్టింది. తినేవి కుడి అంచుకి. చిల్లర నాణేలు, తాళాలు అసలు బ్యాగులోకే రాలేదు. "ఆ కుర్చీలో కూర్చున్న పిల్లకీ పొద్దున్నుంచీ కళ్లు లాగేస్తుంటాయి నాన్నా. దానికీ కనిపించేలా సర్దాలి కదా" అంది నాతో. 31 ఏళ్లు కౌంటరుకి అవతలి పక్క కూర్చున్న మనిషి మాట అది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. సున్నుండలు పన్నెండు, కాగితం పొరల మధ్య, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో. చేగోడీలు ఒక చిన్న పొట్లం. కందిపొడి పెద్ద సూట్‌కేసులోకే పోయింది. అమెరికా వెళ్లే విమానాల్లో చేతి సామానులో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులుంటే అదనంగా తనిఖీ చేస్తారు, 2018 నుంచి. పొడి డబ్బా విప్పి నిలబెడితే దోహాలో డాలస్ విమానం తప్పుతుందేమోనని ఆవిడ బెంగ.

బరువు ఎక్కడ ఉండాలన్నదీ చూసింది. ఛార్జర్లు, తిండి డబ్బా చక్రాల దగ్గరికి. నిలబెట్టినప్పుడు అడుగున బరువుంటే బ్యాగు ముందుకు తూలదు, లాగేటప్పుడు మణికట్టు మీద పడదు. స్వెట్టరు మాత్రం ఖద్దరు సంచికీ పక్క గోడకీ మధ్య నిలువుగా దించింది. బ్యాగు పూర్తిగా తెరవకుండానే చెయ్యి దూర్చి లాగేయవచ్చు.

అన్నీ అయ్యాక ఒక తెల్ల కాగితం ముక్క తీసుకుంది. అమ్మాయి పేరు, డాలస్ చిరునామా, రెండు ఫోన్ నంబర్లు పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మడిచి, అడుగు బట్టల మధ్య పెట్టింది. పార్సిలు పైన చిరునామా చిరిగిపోతే లోపలి చీటీయే దిక్కు. కౌంటర్లో ప్రతి ఒక్కరికీ ఆవిడ చెప్పేదట, లోపల కూడా ఒకటి రాసి పెట్టమని. పెట్టినవాళ్లు తక్కువ.

అప్పుడు జిప్పు. పళ్ల మీద కొవ్వొత్తి ముక్క ఒకసారి రాసి, బొటనవేలూ చూపుడువేలూ రెండింటితో పట్టుకుని చుట్టూ లాగింది. ఇంకో చేత్తో నొక్కలేదు, మోకాలు పెట్టలేదు. మూలల దగ్గర కూడా వేగం తగ్గలేదు. ఇది ఆవిడ పరీక్ష. రెండు వేళ్లతో పడని జిప్పు ఉన్న బ్యాగులో ఏదో ఒకటి ఎక్కువుందన్నమాట, తీసేస్తుంది. ఏం తీయాలో కూడా తర్కించదు, ఆఖరున పెట్టినదే.

కాటాకి తగిలించాం. 6.7.

"ఇంకా 300 గ్రాములుంది అమ్మమ్మా!" అమ్మాయి అప్పటికే చేతిలో ఏదో పట్టుకుంది, నల్ల కళ్లజోడు పెట్టెతో సహా. పిన్ని తల అడ్డంగా ఊపింది. ఇంటి కాటా వేరు, విమానాశ్రయం కాటా వేరు. పైగా విమానంలో స్వెట్టరు వేసుకుని దోహాలో ఉక్కపోసి విప్పితే, విప్పింది మడత సరిగా లేకుండా లోపలికి కుక్కాలి. దానికి చోటుండాలి.

మేమంతా అయిపోయిందనుకుని లేచాం. పిన్ని లేవలేదు. బ్యాగు మళ్లీ తెరిచింది. ఖద్దరు సంచి తీసి జాగ్రత్తగా పక్కన పెట్టి, మిగతాదంతా మంచం మీదికి బోర్లించేసింది. అంత కష్టపడి చదును చేసిన అడుగుతో సహా. మేజోళ్ల కట్టలు దొర్లి తలగడ కిందికి పోయాయి. మా చెల్లెలు "అమ్మా!" అంది.

"దోహాలో విప్పమంటే నేనుంటానా?" అంది పిన్ని. "సర్దు అమ్మలూ."

అమ్మాయి మొదట నవ్వింది, తర్వాత కూర్చుంది. మేజోళ్లు చుట్టి కాలవల్లో పెట్టింది. అరచేత్తో రాసి చూసింది. కుర్తీ చుట్టూ తిప్పడం మొదటిసారి రాలేదు, విప్పి మళ్లీ తిప్పింది. వైర్ల సంచి కుడివైపు పెట్టబోయి, ఆగి, ఎడమకి మార్చింది. పిన్ని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్కసారే ముందుకు వంగింది. తిండి డబ్బాని రెండు వేళ్లంత చక్రాల వైపు జరిపి, మళ్లీ వెనక్కి ఆనుకుంది. చీటీ బట్టల మధ్యకి వెళ్లింది. స్వెట్టరు నిలువుగా దిగింది. ఖద్దరు సంచి పైన కూర్చుంది, పిడి మూలకి.

అమ్మాయి ఎడమచేత్తో జిప్పు పట్టుకుంది, రెండు వేళ్లతోనే. మొదటి మూల తిరిగింది. రెండో మూల దగ్గర కాస్త ఆగి, మళ్లీ కదిలింది.